సదానందం మీటింగులో ఉన్నాడు

గోదావరిఖని,
18 మార్చి 2012.

భూపాల్ బావకు, పోశవ్వ అక్కకు సదానందం శనార్థులు.

ఇక్కడ నేను, శోభ క్షేమం. మీరూ క్షేమమని తలుస్తున్నాను. తలచడమే తప్ప తెలుసుకునే దారి లేక ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంట్లో కొత్త ఫోన్ ఉండగా ఉత్తరం ఏమిటని అనుకోకు. కొత్త ఫోన్ వచ్చినందుకే ఉత్తరం.

పాత ఫోన్ సంగతి నీకు తెలుసు. బటన్లు అరిగిపోయి, ఐదు నొక్కితే ఎనిమిది పడేది. లక్ష్మీనగర్‌లో యజ్ఞనారాయణ గారి దుకాణానికి పోయాను. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. నల్లటి అద్దం పలక ఒకటి నా చేతిలో పెట్టారు. బటన్లు ఎక్కడున్నాయా అని వెనక్కి ముందుకి తిప్పి చూశాను. "బటన్లు ఉండవండీ. వేలితో అలా రాస్తే చాలు, అదే అర్థం చేసుకుంటుంది" అన్నారు.

ఆయన వేలిని అర్థం చేసుకుంటుంది బావా, నా వేలిని కాదు. బొగ్గు బాయిలో ఊరే నీళ్లను పైకి తోడే పంపుల దగ్గర ఇన్నేళ్లు వాల్వులు తిప్పినవాడిని. ఈ అద్దం నా వేలిని వేలుగా ఒప్పుకోవడం లేదు. చిటికెన వేలు ఒక్కటే దానికి నచ్చింది. మిగతా నాలుగూ మడిచి, చిటికెన వేలు చాపి కూర్చుంటే శోభ "గోరింటాకు పెట్టుకున్న పెండ్లిపిల్ల లెక్క ఉన్నవ్" అంటోంది.

మంచం మీద పడుకుని చూస్తే అక్షరాలు లేచి నిలబడతాయి. లేచి కూర్చుంటే అవి పడుకుంటాయి. శోభకు ఫోటో తీస్తే నా బొటనవేలు వచ్చింది, చాలా బాగా వచ్చింది. బాయిలోకి ఫోన్ పోనివ్వరు కనుక ఇంట్లో పెట్టి డ్యూటీకి పోతాను. తిరిగి వచ్చేసరికి నాకంటే ముందే అలసిపోయి, చార్జింగు అయిపోయి పడుకుని ఉంటుంది.

అసలు కష్టం వేరే ఉంది. పాత ఫోన్ నుంచి నంబర్లు ఇందులోకి వచ్చాయి గాని పేర్లు రాలేదు. చుట్టాలందరూ అంకెలైపోయారు. నీ నంబరు ఇదే అయి ఉంటుందని ఒకదానికి చేసి "బావా, తిన్నవా" అని అడిగాను. అవతల గ్యాస్ బుకింగ్ అమ్మాయి, "తిన్నానండి, మీ కన్స్యూమర్ నంబర్ చెప్పండి" అంది.

నువ్వే చేస్తావని ఎదురుచూస్తున్నాను. ఫోన్ మోగుతుంది, నేను ఎత్తుతాను, వెంటనే కట్ అవుతుంది. ఎవరో పనిలేనివాళ్లు ఆడుకుంటున్నట్టున్నారు.

నీ బామ్మర్ది,
సదానందం.

తాజా కలం: రాత రాసి ఎన్నాళ్లయిందో, వేళ్లు నొస్తున్నాయి. అయినా కాగితం నా అయిదు వేళ్లనూ ఒప్పుకుంటోంది. అది నాకు గౌరవంగా ఉంది.


బెల్లంపల్లి,
24 మార్చి 2012.

బామ్మర్ది సదానందానికి భూపాల్ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆ పనిలేనివాడిని నేనే.

నేను చేసిన ప్రతిసారీ కట్ చేసి, వెంటనే ఇంగ్లీషులో ఒక మెసేజ్ పంపావు. పక్కింటి టీచరమ్మ కృష్ణప్రియతో చదివించాను. "ఐ యామ్ ఇన్ ఎ మీటింగ్" అని ఉందట. నేను మీటింగులో ఉన్నాను అని అర్థమట. ఒకసారి అయితే పోనీ అనుకునేవాడిని. పొద్దున చేసినా మీటింగే, పొద్దుగూకి చేసినా మీటింగే.

నాకు తెలిసిన సదానందం పుట్టి బుద్ధెరిగాక ఒక్క మీటింగుకు పోలేదు. బాయి గేటు దగ్గర యూనియన్ వాళ్లు మైకు పెడితే, సైకిల్ తోసుకుంటూ వెనక దారిన ఇంటికి పోయే మనిషివి. అలాంటివాడు పొద్దంతా మీటింగుల్లో ఉన్నాడంటే ఏమిటి సంగతి అని ఆలోచించాను. అప్పుడు పేపర్ చూస్తే, బొగ్గు బాయిల్లో యూనియన్ ఎన్నికలు దగ్గర పడ్డాయని పడింది.

నిలబడుతున్నావు. సంతోషం. నాకు ముందే చెప్పలేదని రెండు రోజులు బాధపడ్డాను, మూడో రోజు గర్వపడ్డాను. ఏ యూనియనో ఫోన్‌లో చెప్పకు. ఎన్నికల ముందు ఫోన్లు వింటారు. ఇక మన మాటలన్నీ ఉత్తరాల్లోనే. చింపి పొయ్యిలో వేయడం తేలిక.

ఇక్కడి పని నాకు వదిలెయ్యి. గోదావరిఖనిలో ఓటున్న మన బెల్లంపల్లి వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులు ఇక్కడే ఉన్నారు. నేను మాట్లాడతాను.

నీ బావ,
భూపాల్.

తాజా కలం (ఇది పోశవ్వ రాస్తున్న): తమ్మీ, మీ బావ పొద్దుగాల లేచి గడ్డం గీసుకున్నడు. రిటైరై బాయి పని దిగిపోయినప్పటి సంది అర్రల గోడ దిక్కు చూసుకుంట కూసుండేటోడు. ఇయ్యాల ఇస్త్రీ అంగి అడిగిండు. నువ్వు ఏం జేసినవో గని, మంచిగ జేసినవ్.


గోదావరిఖని,
31 మార్చి 2012.

బావకు శనార్థులు.

నేను ఏ ఎన్నికల్లోనూ నిలబడటం లేదు. ముందు ఈ వాక్యం రెండుసార్లు చదివి, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరం పట్టుకుని యజ్ఞనారాయణ గారి దగ్గరకు పరుగెత్తాను. ఆయన తన ఫోన్‌తో నాకు రింగ్ ఇచ్చి, "ఎత్తండి చూద్దాం" అన్నారు. ఎత్తాను. కట్ అయి, నేను మీటింగులో ఉన్నానని ఆయనకు మెసేజ్ వెళ్లింది. ఆయన ఎదుటే నిలబడి ఉన్నాను.

విషయం ఏమిటంటే, ఫోన్ వచ్చినప్పుడు పచ్చ గుర్తును పక్కకు జరపాలట. నేను పైకి తోస్తున్నాను. పైకి తోస్తే, మాట్లాడటం కుదరనివాళ్ల కోసం ముందే రాసి పెట్టిన మెసేజులు వస్తాయట. ఏది తగిలితే అది పోతుందట. "పైకి ఎందుకు తోశారండీ" అని ఆయన అడిగారు. ఫోన్ ఎత్తడం అంటే పైకే కదా సార్, పక్కకు ఎవడైనా ఎత్తుతాడా అన్నాను. ఆయన తన ఫోన్‌ను ఒకసారి పైకి ఎత్తి చూసి, "అదీ నిజమేనండీ" అన్నారు.

నేను డ్యూటీకి పోయినప్పుడు శోభ కూడా అట్లాగే ఎత్తుతోంది. కాబట్టి ఎవరికి ఏ మెసేజ్ పోయిందో మా ఇద్దరికీ తెలియదు. నువ్వు వెంటనే అందరికీ చెప్పు, సదానందం నాయకుడు కాడు, పంపు ఆపరేటరే అని.

నీ బామ్మర్ది,
సదానందం.

తాజా కలం: ఈ ఉత్తరం అంటించేలోపే బెల్లంపల్లి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. దండ తెచ్చారు. వద్దంటే మేకుకు తగిలించి పోయారు. దాని కింద మా నాన్న ఫోటో ఉంది కనుక సరిపోయింది.


బెల్లంపల్లి,
7 ఏప్రిల్ 2012.

బామ్మర్దికి ఆశీస్సులు.

నేను నిలబడటం లేదు అని మొదట చెప్పని నాయకుడిని నేను చూడలేదు. చాలా బాగా రాశావు. టీచరమ్మకు కూడా వినిపించాను.

అయితే కొన్ని విషయాలు పెద్దవాడిగా చెప్పాలి. నీ నంబరు నేనే నలుగురికి ఇచ్చాను, మా వీధి లస్మవ్వ నీకు ఫోన్ చేసింది. ఆమె పెనిమిటి నాతో కలిసి బాయిలో పనిచేసినవాడే, ఇప్పుడు లేడు. ఆమెకు నువ్వు, కారు నడుపుతున్నాను అని పంపావు. సదానందం కారు కొన్నాడని బస్తీ అంతా తెలిసింది. తర్వాత మా బస్తీ బిక్షంకు, క్లాసులో ఉన్నాను అని పంపావు. నాయకులకు శిక్షణ తరగతులు పెడతారు, అది మంచిదే. కాని ఎల్లేశంకు, సినిమాలో ఉన్నాను అని పంపావు చూడు, అది తప్పు. నాయకుడు సినిమాకు పోవచ్చు. పోయినట్టు జనానికి చెప్పకూడదు.

లస్మవ్వ నీకు చేసింది నల్లా గురించి. వాళ్ల సందులో మట్టి తవ్వినప్పుడు పైపు పగిలి, ఆడవాళ్లు రోడ్డు దాటిపోయి నీళ్లు మోసుకుంటున్నారు. నువ్వు కారు నడుపుతున్నావు కనుక నేనే పోయాను. "మా సదానందం పంపిండు" అన్నాను. ఆ మాట అనగానే జనానికి ఊపు వచ్చింది. ఇద్దరు గడ్డపారలు తెచ్చారు, ఒకరు పైపు ముక్క తెచ్చారు. బాయిలో పైపు ఫిట్టర్‌గా చేసినవాడిని, నా చేతికి అది కొత్త కాదు. నీళ్లు వచ్చాయి. నీకు జై కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంటి ముందు అరుగు మీద బల్ల వేసి కూర్చుంటున్నాను. పింఛన్ ఆగినవాళ్లు, దవాఖానకు తోడు కావలసినవాళ్లు వస్తున్నారు. అన్నీ నీ పేరు మీదనే చేస్తున్నాను, ఫికర్ చేయకు.

నీ బావ,
భూపాల్.

తాజా కలం (పోశవ్వ): తమ్మీ, మీ బావ నిలబడే తింటున్నడు. రాత్రి పడుకుంటే పొద్దుగాలదాంక లేస్తలేడు, గింత మంచి నిద్ర ఆయనకు ఎన్నడు లేదు. నువ్వు నిలబడవని నాకు తెల్సు. చిన్నప్పుడు బడిల పద్యం జెప్పుమంటే బెంచి కింద దాసుకున్నోనివి. గని అంత కటువుగ రాయకు. జర మెల్లగ రాయి.


గోదావరిఖని,
14 ఏప్రిల్ 2012.

బావకు శనార్థులు.

లస్మవ్వ సందులో నీళ్లు వచ్చినందుకు సంతోషం. అది నేను చేసింది కాదు, నువ్వు చేశావు. ఈ సంగతి అందరికీ చెప్పాలి.

ఇక్కడ నా పరిస్థితి బాగాలేదు. డ్యూటీ దిగి వస్తుంటే నిజం నాయకుడు ఒకాయన నా సైకిల్ హ్యాండిల్ పట్టుకుని, "సదానందం, నువ్వు ఎవరి దిక్కు?" అని అడిగాడు. "ఇంటి దిక్కు పోతున్న అన్న" అన్నాను. "మనిషి మస్తు గట్టోడు, ఏం బయటపెడ్తలేడు" అని పక్కవాడితో అన్నాడు. ఇప్పుడు అన్ని యూనియన్ల వాళ్లూ నాకు చాయ్ తాగిస్తున్నారు. వద్దంటే భయపడుతున్నారు.

శోభ మాత్రం, "నువ్వు నిలబడితే నేను ఎదుటోనికి ప్రచారం జేస్త" అని చెప్పేసింది.

ఫోన్‌ను పక్కకు జరపడం నేర్చుకుంటున్నాను. మూడింట ఒకసారి కుదురుతోంది.

ఇక ఎన్నికల సంగతి. నీ మనసు నొప్పించడం నాకు ఇష్టం లేదు. కాబట్టి ఇప్పుడే ఏమీ చెప్పలేను. సమయం వచ్చినప్పుడు అందరితో మాట్లాడి చెబుతాను.

నీ బామ్మర్ది,
సదానందం.

తాజా కలం: అక్కా, మెల్లగా రాశాను. సరిపోయిందా.


బెల్లంపల్లి,
19 ఏప్రిల్ 2012.

కాబోయే నాయకుడు సదానందానికి భూపాల్ రాయునది.

"ఇప్పుడే ఏమీ చెప్పలేను, సమయం వచ్చినప్పుడు అందరితో మాట్లాడి చెబుతాను." ఈ వాక్యం అరుగు మీద నిలబడి గట్టిగా చదివాను. జనం చప్పట్లు కొట్టారు. ఎల్లేశం సినిమా సంగతి కూడా మర్చిపోయాడు.

అందరితో మాట్లాడతానన్నావు కనుక అందరినీ తెస్తున్నాను. వచ్చే ఆదివారం వ్యాన్ మాట్లాడాను. డప్పులు కూడా వస్తున్నాయి. చౌరస్తా దగ్గర దిగుతాం. శోభను వంట పెద్ద గిన్నెలో పెట్టమను.

ఫ్లెక్సీ కొట్టించాను. నీ ఫోటో నా దగ్గర పెళ్లిది ఒక్కటే ఉంది. శోభను తీసేయమంటే ఫ్లెక్సీవాడు తీసేశాడు గాని, నీ చేతిని పట్టుకున్న ఆమె చెయ్యి మిగిలిపోయింది. చూసినవాళ్లు ప్రజల చెయ్యి అనుకుంటున్నారు. బాగానే ఉంది.

నీ బావ,
భూపాల్.

తాజా కలం (పోశవ్వ): తమ్మీ, మెల్లగ రాయుమన్న గని గింత మెల్లగ కాదు. ఈసారి ఆపుడు నాతోని కాలే. నేను గూడ వ్యాన్‌ల వస్తున్న. గా ఎర్ర అంచు చీర కట్టుకుంట.


గోదావరిఖని,
23 ఏప్రిల్ 2012.

బావకు శనార్థులు.

నిన్న నువ్వు అన్నం తినకుండా పోయావు. శోభ వండింది గిన్నెలో అట్లాగే ఉంది. నిన్న ఎదురుగా చెప్పలేనిది రాసి చెబుతున్నాను.

మీ వ్యాన్ వచ్చేసరికి నేను చౌరస్తాలో ఉన్నాను. మీరు దిగగానే ఆపి, పక్కకు తీసుకుపోయి నీకొక్కడికే చెప్పాలని వచ్చాను. డప్పుల్లో నా మాట నాకే వినిపించలేదు. లస్మవ్వ బొట్టు పెట్టింది. ఎవరో వెనక నుంచి లేపి వ్యాన్ మెట్టు మీద నిలబెట్టారు. డప్పులు ఆగాయి. ఎండలో అంతదూరం వచ్చిన ముసలివాళ్లందరూ నా నోటి దిక్కు చూస్తున్నారు. అంతమంది నా దిక్కు చూడటం నా పెళ్లిలో కూడా జరగలేదు.

ఏదో ఒక అబద్ధం చెప్పి పంపేద్దామని అనిపించింది. చెప్పలేకపోయాను. "నేను నాయకున్ని కాదు. పంపు ఆపరేటర్‌ని. కొత్త ఫోను పక్కకు జరపాల్సింది పైకి దొబ్బిన. మీటింగు లేదు, కారు లేదు, ఏం లేదు. ఉన్నది సైకిలే" అన్నాను. చౌరస్తాలో పొయ్యే ఆటోలు కూడా ఆగి విన్నాయి.

అప్పుడు లస్మవ్వ అడిగింది గుర్తుందా. "మరి మా నల్లా ఎవరు బాగుచేసిండ్రు?" అని. నేను నీ దిక్కు చూపించాను. అందరూ నీ దిక్కు తిరిగారు. నువ్వు తల దించుకుని వ్యాన్ ఎక్కి, ముందు సీట్లో కూర్చుని అద్దం పైకి ఎత్తేసుకున్నావు. అక్క కిటికీ కొట్టినా దించలేదు.

నిన్ను నలుగురిలో చిన్నబుచ్చాలని కాదు బావా. నీ మొదటి ఉత్తరం అందగానే ఎదుటికి వచ్చి చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఒక్క పూట సెలవు పెడితే అయ్యేదానికి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను.

రాత్రి నుంచి అక్క రాసిచ్చిన నీ నంబరుకు ఫోన్ చేస్తున్నాను. నువ్వు ఎత్తడం లేదు. కోపం తగ్గాక నువ్వే చెయ్యి. రెండు చేతులతో పట్టుకుని పక్కకు జరుపుతాను.

నీ బామ్మర్ది,
సదానందం.

తాజా కలం: ఫ్లెక్సీ ఇక్కడే మర్చిపోయారు. శోభ బొగ్గు కుప్ప మీద కప్పింది. తన చెయ్యి ఉన్న దిక్కు పైకి, నా మొహం ఉన్న దిక్కు కిందికి.


బెల్లంపల్లి,
29 ఏప్రిల్ 2012.

తమ్ముడు సదానందానికి, మరదలు శోభకు పోశవ్వ దీవెనలు.

మీ బావ ఉత్తరం రాస్తలేడు, అందుకే నేను రాస్తున్న. నాకు మీలెక్క పుస్తకాల భాష రాదు. మాట్లాడినట్టే రాస్త.

ఆనాడు వ్యాన్‌ల గోదావరి వంతెన దాటేదాంక డప్పులోల్లు డప్పులు ఒళ్లె పెట్టుకొని కూసున్నరు. మీ బావ ముందల సీట్ల కూసోని బయటికే చూస్తున్నడు. మల్ల అర్రల గోడ దిక్కే పోతడు ఈయన అని నాకు ఫికరైంది.

మంచిర్యాల దాటినంక ఎన్క సీట్ల కెళ్లి లస్మవ్వ లేసింది. సీటు కమ్మి వట్టుకొని, "ఓ భూపాలన్న, ఓట్లు ఆ పిలగానికి ఏపియ్యాలనుకున్నం గని, పని జేసింది ఎవరు?" అన్నది. బిక్షం అన్నడు, "నన్ను దవాఖానకు తోల్కపోయింది ఈయననే గద." ఎల్లేశం అన్నడు, "నా పింఛన్ ఆఫీసుకు తిరిగింది గూడ ఈయననే." ఒక్కొక్కలు జెప్పుకుంట పోయిండ్రు. వ్యాన్ డ్రైవర్ బండి పక్కకు ఆపి విన్నడు.

మా బెల్లంపల్లిల బాయి దిగిపోయిన కార్మికుల సంఘం ఉన్నది, నీకు ఎరికలేదు. పేరుకే సంఘం. అధ్యక్షుడు కొడుకు దగ్గరికి వరంగల్ పోయిన సంది ఆ కుర్సీ ఖాళీ. మందమర్రి వచ్చేటాల్లకు మీ బావ పేరు పెట్టిండ్రు. బెల్లంపల్లి రైల్వే గేటు వడ్డది, బండి ఆగింది. ఆన్నే చేతులు లేపిండ్రు. ఒక్క చెయ్యి గూడ కింద లేదు. నేను సంఘంల మెంబర్ను కాదు, అయినా లేపిన.

మీ బావ వద్దు వద్దన్నడు. "నేను ఆ పిల్లగాని పేరు మీద జేసిన, నా పేరు మీద నాకు చేతకాదు" అన్నడు. లస్మవ్వ అన్నది, "పేరు ఎవరిదైతేంది, నీళ్లు మా బిందెల వడ్డయి." గప్పుడు ఏడ్సిండు తమ్మీ. ఇరువై ఏండ్లు బాయిల పని జేసిన మనిషి, వ్యాన్ల అందరి ముందట ఏడ్సిండు. డప్పులోల్లకు ఏం జెయ్యాల్నో తెల్వక కొట్టుడు సురువు జేసిండ్రు. ఇంటిదాంక కొట్టుకుంటనే వచ్చినం.

నీ మీద కోపం లేదు. సిగ్గు. శోభ వండినది తినకుంట వచ్చినందుకు ఇంక సిగ్గు. నిన్న పొద్దుగాల గడ్డం గీసుకుంట నన్ను అడిగిండు, "సదానందం ఫోన్ జేస్తే ఏం మాట్లాడాలె?" అని. ఏం మాట్లాడకు, పొయ్యి తినిరా అన్న. వచ్చే ఆదివారం వస్తడు. మీ వాడకట్టుల నల్లా కారుతదని శోభ ఆనాడు వ్యాన్ కాడ నాతో అన్నది, అద్దం మూసుకున్నా ఆ మాట ఆయన చెవుల వడ్డట్టున్నది. స్పానర్లకు నూనె రాసి సంచిల పెట్టిండు. అన్నం వెట్టకముందే నల్లా చూపియ్యుండ్రి, లేకుంటే కడుపు నిండ తినడు.

నీ అక్క,
పోశవ్వ.

తాజా కలం: నువ్వు మెట్టు మీద నిలబడి ఉన్నదున్నట్టు జెప్పినవని ఈడ అందరు నిన్ను మెచ్చుకుంటున్నరు. లస్మవ్వ అయితే, "గింత నిజం జెప్పేటోడు ఏ ఎలక్షన్ల నిలబడ్డా ఓడిపోతడు, వాన్ని పంపు కాడనే ఉండనియ్యుండ్రి" అన్నది. నాకు మస్తు సంతోషమైంది.